బ్యాంకులో ఇంటర్న్‌షిప్ చేస్తే బ్యాంకు ఉద్యోగం వస్తుందా?

వీడియో చూసేంత డేటా, టైం లేనివాళ్ల కోసం ఎప్పట్లాగే ఎపిసోడ్ మొత్తాన్ని ఇక్కడ రాతలో పెడుతున్నాం. మాట్లాడేటప్పుడు దొర్లిన 'అంటే... అంటే'లు కొన్ని తీసేశాం, అంతే.

ఈ టాపిక్ ఒక చెల్లి పంపిన మెసేజ్ వల్ల వచ్చింది. మన వైపు అమ్మాయే. బీటెక్ అయిపోయింది. స్టేట్ బ్యాంక్ అప్రెంటిస్ పరీక్ష రాసింది, సెలెక్ట్ అయింది. ఇంట్లోవాళ్లు అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు చేసి "మా పిల్లకి బ్యాంకులో జాబ్ వచ్చింది" అని చెప్పేశారు. తను నన్ను అడిగింది ఒక్కటే: "అన్నా, ఏడాది అయ్యాక నన్ను పర్మనెంట్ చేస్తారా?"

చెయ్యరు, చెల్లీ.

దీన్ని చుట్టూ తిప్పకుండా ముందే చెప్పేస్తున్నా. ఎందుకంటే ఇక్కడ పోయేది డబ్బు కాదు, ఏడాది వయసు. బ్యాంకు పరీక్షలకి వయసు లెక్క చాలా గట్టిగా ఉంటుంది. అలాగని చేరొద్దని కూడా అనను. ఎందుకు చేరాలో తెలిసి చేరితే అది మంచి ఏడాదే. తెలియక చేరితే మాత్రం పదమూడో నెలలో ఇంట్లో కూర్చుని చుట్టాలకి ఏం చెప్పాలా అని ఆలోచించాల్సి వస్తుంది.

అసలు తికమక ఎక్కడుందంటే, 'బ్యాంకులో ఇంటర్న్‌షిప్' అనే ఒక్క మాట కింద పూర్తిగా వేరువేరు పనులు ఉన్నాయి. మనకి బ్యాంకు అంటే మెయిన్ రోడ్డు మీద బ్రాంచి. క్యూ, టోకెన్, పాస్‌బుక్ ప్రింటింగ్ మెషీన్, క్రాప్ లోన్ రెన్యువల్ కోసం వచ్చిన రైతులు. హైదరాబాద్‌లో రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ వైపు వెళ్తే అద్దాల బిల్డింగుల మీద కూడా బ్యాంకు పేర్లే ఉంటాయి: జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, హెచ్‌ఎస్‌బీసీ, బ్యాంక్ ఆఫ్ అమెరికా, యూబీఎస్. గోల్డ్‌మన్ శాక్స్ 2021లో హైదరాబాద్ ఆఫీసు తెరిచింది. ఆ బిల్డింగుల్లోకి పాస్‌బుక్ పట్టుకుని వెళ్తే సెక్యూరిటీ అన్న నవ్వుతాడు. అక్కడికి కస్టమర్ రాడు. అమెరికాలోనో లండన్‌లోనో ఎవరో కార్డు గీకితే, ఆ లావాదేవీలో మోసం ఉందా లేదా అని చూసే కోడ్ అక్కడ రాస్తారు. వీటిని జీసీసీలు అంటున్నారు. ఒక విదేశీ కంపెనీ తన సొంత పని కోసమే ఇక్కడ పెట్టుకున్న ఆఫీసు అనుకోండి.

బ్రాంచి వైపు ఇంటర్న్‌షిప్ లాంటిది చేస్తే అది ఉద్యోగంగా మారదు. అద్దాల బిల్డింగు వైపు చేస్తే మారే అవకాశం ఉంది, అసలు ఆ ఇంటర్న్‌షిప్ పెట్టేదే అందుకోసం. రెండూ విడివిడిగా చెప్తా.

ముందు బ్రాంచి సంగతి. ప్రభుత్వ బ్యాంకులు అప్రెంటిస్‌లను తీసుకునేది 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద. ఆ చట్టం ప్రకారం మీరు శిక్షణలో ఉన్నవాళ్లు, ఉద్యోగులు కాదు. ఎస్‌బీఐ 2023లో 6,160 మందికి ఇలా నోటిఫికేషన్ ఇచ్చింది. వయసు 20 నుంచి 28, ఏ డిగ్రీ అయినా చాలు, ఏడాది శిక్షణ, నెలకి 15,000 స్టైపెండ్. ఏడాదంతా కలిపితే 1,80,000. పీఎఫ్ లేదు, అలవెన్సులు లేవు. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చే బాధ్యత బ్యాంకుకి లేదని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. మనం పేజీలు కిందకి తోసేస్తూ 'అప్లై' బటన్ కోసం వెతుకుతాం కాబట్టి ఆ లైను కనపడదు. కెనరా బ్యాంక్, యూనియన్ బ్యాంక్ కూడా అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. పద్ధతి ఇదే.

ఇంకో షరతు ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఎస్‌బీఐ నోటిఫికేషన్ ప్రకారం ఒకసారి ఎక్కడైనా అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్లు మళ్లీ అప్లై చెయ్యకూడదు. డిగ్రీ తర్వాత ఏడాది, అంతకన్నా ఎక్కువ అనుభవం ఉన్నవాళ్లు కూడా అంతే. అంటే ఈ ఛాన్స్ జీవితంలో ఒక్కసారే. ఇంటి దగ్గర్లో ఏదో చిన్న కంపెనీలో పేరుకి అప్రెంటిస్‌గా నమోదై ఇది పోగొట్టుకోవద్దు.

మరి ఆ ఏడాది దేనికి పనికొస్తుంది? పరీక్షకి. ప్రభుత్వ బ్యాంకులోకి వెళ్లే దారి పరీక్ష ఒక్కటే. క్లర్క్ అయినా ప్రొబేషనరీ ఆఫీసర్ అయినా ఐబీపీఎస్ రాయాలి. స్టేట్ బ్యాంక్ అయితే వాళ్లే సొంతంగా పెట్టే పరీక్ష రాయాలి. మేనేజర్ గారికి మీరంటే ఎంత ఇష్టమైనా ఆయన చేతిలో ఏమీ లేదు. ఇది మంచి విషయమే అని నా అభిప్రాయం. ఎందుకంటే సత్తుపల్లి నుంచి వెళ్లే పిల్లకి రికమండేషన్ ఎక్కడుంటుంది? మార్కులే ఉంటాయి.

ఇక్కడ ఒక లెక్క చూడండి. అప్రెంటిస్ పరీక్షలో 100 ప్రశ్నలు, గంట సమయం: ఆర్థిక విషయాల మీద జనరల్ అవేర్‌నెస్, ఇంగ్లిష్, లెక్కలు, రీజనింగ్, కంప్యూటర్. క్లర్క్ ప్రిలిమ్స్ కూడా 100 ప్రశ్నలు, గంట: ఇంగ్లిష్ 30, లెక్కలు 35, రీజనింగ్ 35. అంటే అప్రెంటిస్‌కి సెలెక్ట్ అయిన పిల్ల క్లర్క్ పరీక్షకి సగం దారి ఇప్పటికే నడిచేసింది. చెల్లి దీన్ని గుర్తించలేదు. ఇంట్లోవాళ్లు 'జాబ్ వచ్చింది' అనేసరికి పుస్తకాలు అట్టపెట్టెలో సర్దేసింది. ఆ పెట్టె విప్పమని చెప్పా. బ్రాంచిలో పని సాయంత్రం అయిపోతుంది. రోజుకి మూడు గంటలు చదివితే, ఆ ఏడాదిలో వచ్చే క్లర్క్, పీఓ, గ్రామీణ బ్యాంకు నోటిఫికేషన్లన్నీ రాయొచ్చు. పైగా ఎస్‌బీఐ జూనియర్ అసోసియేట్ నోటిఫికేషన్లలో, ఆ బ్యాంకులోనే అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవాళ్లకి కొద్దిపాటి వెయిటేజీ, వయసులో సడలింపు ఇచ్చిన సందర్భాలున్నాయి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆ పేరా వెతుక్కుని చదవండి.

తెలుగు మీడియం తమ్ముళ్లూ, ఇది మీకు. 2021 సెప్టెంబర్ చివర్లో కేంద్ర ఆర్థిక శాఖ, ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్క్ పరీక్షలు ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ ఇంగ్లిష్, హిందీలతో పాటు 13 ప్రాంతీయ భాషల్లో పెట్టాలని చెప్పింది. అందులో తెలుగు ఉంది. ఇంగ్లిష్ సెక్షన్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, అది తప్పదు. కానీ రీజనింగ్ ప్రశ్న అర్థం కాక మార్కు పోయే బాధ తగ్గింది. గ్రామీణ బ్యాంకు సంగతి ఇంకా బాగుంటుంది. మన ఖమ్మం వైపు ఇదివరకు ఏపీజీవీబీ బోర్డులు ఉండేవి కదా, 2025 జనవరి 1 నుంచి తెలంగాణలోని ఆ బ్రాంచీలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. వాటిల్లో ఉద్యోగానికి ఇక్కడి భాష వచ్చి ఉండాలి. అశ్వారావుపేట రైతు పామాయిల్ గెలల డబ్బు గురించి మాట్లాడుతుంటే అర్థం చేసుకోవడం మీకు పుట్టుకతో వచ్చింది. అది కూడా క్వాలిఫికేషనే.

జీతాల తేడా ఒక్క మాటలో: 2024 వేతన ఒప్పందం తర్వాత క్లర్క్ మూల వేతనం 24,050 దగ్గర, ఆఫీసర్‌ది 48,480 దగ్గర మొదలవుతున్నాయి. డీఏ, హెచ్‌ఆర్‌ఏ వేరే. స్టైపెండ్ 15,000తో పోల్చుకుంటే, పరీక్ష ఒక్క ఏడాది వెనక్కి జరగడం వల్ల ఎంత పోతుందో మీరే లెక్క వేసుకోండి.

మధ్యలో ఇంకో రకం ఉంది, డబ్బు కట్టి చేరేది. యాక్సిస్ బ్యాంక్ యంగ్ బ్యాంకర్స్ లాంటి ప్రోగ్రాములు. కొన్నాళ్లు క్యాంపస్‌లో క్లాసులు, కొన్నాళ్లు బ్రాంచిలో ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత ఆ బ్యాంకులోనే పోస్టు. ఇది నిజంగానే ఉద్యోగంగా మారే దారి. కానీ ఫీజు లక్షల్లో ఉంటుంది, చాలామంది లోన్ తీసుకుంటారు. తర్వాత సేల్స్ టార్గెట్లూ ఉంటాయి. చేరేముందు ఆ కోర్సు చేసి రెండేళ్లు పనిచేసిన మనిషితో మాట్లాడండి, కౌన్సెలర్‌తో కాదు. ఇక 'బ్యాంకులో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తాం, 5,000 రిజిస్ట్రేషన్ కట్టండి' అని వాట్సాప్‌లో వచ్చేవాటికి రిప్లై కూడా ఇవ్వొద్దు. నంబర్ బ్లాక్ చెయ్యండి.

ఇప్పుడు అద్దాల బిల్డింగు.

ఇక్కడ ఇంటర్న్‌షిప్ అంటే రెండు నెలల పైచిలుకు నడిచే ఇంటర్వ్యూ. బీటెక్ థర్డ్ ఇయర్ అయ్యాక వేసవిలో ఎనిమిది నుంచి పది వారాలు చేస్తారు. నచ్చితే ఫోర్త్ ఇయర్ మొదట్లోనే పీపీఓ ఇస్తారు, అంటే ప్లేస్‌మెంట్ సీజన్ మొదలవక ముందే చేతికొచ్చే ఆఫర్. కొందరికి ఆఖరి సెమిస్టర్‌లో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ కూడా ఉంటుంది. డిగ్రీ చేతికొచ్చాక గ్రాడ్యుయేట్ ఇంజనీర్‌గానో అనలిస్ట్‌గానో చేరతారు. కంపెనీకి ఇందులో లాభం ఉంది. గంట ఇంటర్వ్యూలో మనిషి ఏం తెలుస్తాడు? పది వారాలు పక్కన కూర్చుంటే అంతా తెలుస్తుంది.

నేను ఇలాంటి ఒక విదేశీ బ్యాంకు టెక్ సెంటర్‌లో పనిచేశా, పేరు అవసరం లేదు. రెండు వేసవులు ఇంటర్న్‌లకి తోడుగా నన్నే పెట్టారు. అప్పుడు చూసిందే ఇప్పుడు చెప్తున్నా.

లోపలికి వెళ్లడమే మొదటి కష్టం. ఈ బ్యాంకులు పెద్ద కాలేజీల క్యాంపస్‌లకే ఎక్కువ వెళ్తాయి, దాచేదేం లేదు. మన బి. గంగారం వైపు కాలేజీ గేటు ముందు గోల్డ్‌మన్ శాక్స్ కారు ఆగదు. మనకున్న దారులు ఆన్‌లైన్ కోడింగ్ పోటీలు, హ్యాకథాన్లు, రెఫరల్. జేపీ మోర్గాన్ 'కోడ్ ఫర్ గుడ్' అని ఒక హ్యాకథాన్ పెడుతుంది. స్వచ్ఛంద సంస్థల నిజమైన సమస్య ఒకటి ఇచ్చి, టీమ్‌గా కలిసి సొల్యూషన్ కట్టమంటారు. అందులో బాగా చేసినవాళ్లని ఇంటర్న్‌షిప్‌కీ, ఉద్యోగానికీ పిలుస్తారు. అక్కడ చూసేది కోడ్ ఒక్కటే కాదు, అలసిపోయిన అర్ధరాత్రి టీమ్‌తో ఎలా మాట్లాడుతున్నారు అనేది కూడా. రెఫరల్ అంటే మనవాళ్లు మొహమాటపడతారు. లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ సీనియర్‌కి 'సార్ జాబ్ ఇప్పించండి' అని రాస్తే ఎవరూ పలకరు. 'మీ కంపెనీలో ఫలానా నంబర్ పోస్టుకి అప్లై చేద్దామనుకుంటున్నా, ఇదిగో నా ప్రాజెక్ట్, ఇదిగో రెజ్యూమె' అని నాలుగు లైన్లు రాస్తే చాలామంది పలుకుతారు. వాళ్లకి పని తగ్గించారు కదా.

సరే, లోపలికి వెళ్లారు. ఇప్పుడు ఏం చూస్తారు?

బ్యాంకులో ఒక పాత పద్ధతి ఉంది, మేకర్-చెకర్ అంటారు. మన బ్రాంచిలో గమనించండి. పెద్ద మొత్తం డ్రా చేస్తే కౌంటర్‌లో ఒకరు ఎంట్రీ చేస్తారు, లోపల ఆఫీసర్ దాన్ని పాస్ చేస్తారు. చేసినవాళ్లే పాస్ చెయ్యడానికి లేదు. అద్దాల బిల్డింగులో కూడా అదే పద్ధతి, కౌంటర్ బదులు కోడ్ ఉంటుంది. మీరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చదివి ఒప్పుకోకుండా అది ముందుకి కదలదు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అంతా రికార్డ్ అవుతుంది. రేపు ఆడిటర్ అడిగితే చూపించాలి. ఎందుకంటే అక్కడ ఒక తప్పు అంకె పడితే అది ఎవరిదో డబ్బు.

ఇది అర్థమైతే పీపీఓ ఎవరికి వస్తుందో కూడా అర్థమవుతుంది. వాళ్లు వెతికేది అందరికన్నా తెలివైనవాణ్ని కాదు. తన పనిని ఇంకొకరు చెక్ చేస్తుంటే చిరాకు పడనివాణ్ని, చెక్ చెయ్యడానికి వీలుగా పని చేసేవాణ్ని.

ఒక వేసవిలో మా టీమ్‌కి ఇద్దరు వచ్చారు. ఒకబ్బాయి చాలా చురుకు. అడిగింది ఒక స్క్రీన్ అయితే ఐదు కట్టాడు. రంగులు, గ్రాఫులు, అంతా మెరిసిపోతోంది. కానీ టెస్టులు రాయలేదు, రివ్యూలో ఒక కామెంట్ పెడితే వాదనకి దిగేవాడు. ఒకమ్మాయికి ఇచ్చింది చాలా చిన్న పని. రోజూ రాత్రి నడిచే ఒక రిపోర్ట్ అప్పుడప్పుడు చెప్పాపెట్టకుండా ఆగిపోయేది. అది ఆగితే వెంటనే మాకు తెలిసేలా చెయ్యాలి. తను అంతే చేసింది. టెస్టులు రాసింది, ఎక్కడ ఏముందో రెండు పేజీల్లో రాసి పెట్టింది. ఆ అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాక కూడా మేము దాన్ని వాడుతూనే ఉన్నాం. ఆఫర్ ఎవరికి వచ్చిందో చెప్పక్కర్లేదు కదా.

మన వైపు పిల్లలకి తెలివితో ఇబ్బంది లేదు. ఇబ్బంది మౌనంతో. క్లాసులో డౌట్ అడిగితే నవ్వుతారని పదేళ్లు అలవాటైపోయింది. అదే అలవాటుతో ఆఫీసులో మూడు రోజులు ఒకే ఎర్రర్ దగ్గర కూర్చుంటారు. మేనేజర్‌కి అది కష్టపడటంలా కనపడదు, 'ఏం చేస్తున్నాడో తెలియట్లేదు' అన్నట్టు కనపడుతుంది. నేను ఇంటర్న్‌లకి చెప్పిన రూల్ ఏంటంటే: గంటన్నర సొంతంగా ప్రయత్నించు, తర్వాత అడుగు. అడిగేటప్పుడు మూడు ముక్కలు చెప్పు: ఏం చెయ్యాలనుకున్నా, ఏం ప్రయత్నించా, ఎక్కడ ఆగా. ఇంగ్లిష్ గ్రామర్ తప్పు పోయినా ఎవరూ లెక్క చెయ్యరు. నలభై మంది ఉన్న మీటింగ్‌లో మాట్లాడటం భయమైతే చాట్‌లో రాయండి. ఆఖర్లో ప్రెజెంటేషన్ మాత్రం తప్పదు. దానికి రూమ్‌మేట్ ముందు ఐదుసార్లు చెప్పి చూసుకోండి. కోడ్ ఎలా రాశానో కాదు, ఇంతకుముందు ఏ ఇబ్బంది ఉండేది, ఇప్పుడు ఎంత తగ్గింది అనేది మొదట చెప్పండి.

ఇంకొకటి, దీంట్లో సరదా లేదు. ఆఫీసు కోడ్‌ని మీ సొంత మెయిల్‌కి పంపుకోవడం, ఫోన్‌తో స్క్రీన్ ఫోటో తీయడం, కంపెనీ అనుమతి లేని ఏఐ చాట్‌లో ఆఫీసు డేటా పేస్ట్ చెయ్యడం, ఇవి కాలేజీలో మామూలు. బ్యాంకులో వీటిలో ఏది చేసినా ఇంటర్న్‌షిప్ ఆ రోజుతో ఆఖరు కావచ్చు. 'రాత్రి రూమ్‌లో ప్రాక్టీస్ చేద్దామని పంపుకున్నా సార్' అంటే వినరు. మొదటి వారంలో ఇచ్చే ట్రైనింగ్ వీడియోలు బోర్ కొట్టినా మ్యూట్‌లో పెట్టి వదిలెయ్యకండి. అందులో ఉన్నది ఇదే.

అన్నీ బాగా చేసినా ఆఫర్ రాకపోవచ్చు. టీమ్‌లో ఖాళీ లేకపోతే, ఆ ఏడాది బడ్జెట్ తగ్గితే, మేనేజర్ ఎంత మెచ్చుకున్నా రాదు. అందుకే సగం రోజులు గడిచాక రివ్యూ ఉంటుంది చూశారా, అక్కడ మర్యాదగా రెండు ప్రశ్నలు అడగండి. 'ఇప్పటివరకు నా పనిలో ఏది మార్చుకోవాలి?' 'వచ్చే ఏడాది ఈ టీమ్ గ్రాడ్యుయేట్లని తీసుకునే ఆలోచన ఉందా?' రెండో ప్రశ్న అడగడానికి భయపడతారు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. లేదని చెప్తే, మిగిలిన వారాల్లో అదే ఆఫీసులో వేరే టీమ్ వాళ్లని పరిచయం చేసుకోవడానికి మీకు టైం ఉంటుంది.

ఆఫర్ వచ్చింది అనుకుందాం. పీపీఓ మెయిల్ అపాయింట్‌మెంట్ ఆర్డర్ కాదు. డిగ్రీ టైంకి పూర్తి కావాలి, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు, వాళ్లు చెప్పిన పర్సెంటేజీ తగ్గకూడదు. ఆఫర్ వచ్చిందని ఫోర్త్ ఇయర్ గాలికొదిలేసి, ఒక్క సబ్జెక్ట్ దగ్గర ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు.

ఆ తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. ప్రభుత్వ బ్యాంకు అయినా, అద్దాల బిల్డింగు అయినా ఇది ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా తిప్పలు పడేది ఇక్కడే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో వెనక ఉంటుంది, పాన్ కార్డులో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. నాన్న పేరు ఒకదాంట్లో ఒక స్పెల్లింగ్, ఇంకోదాంట్లో ఇంకో స్పెల్లింగ్. జాయినింగ్‌కి పది రోజుల ముందు దీని కోసం ఖమ్మం, హైదరాబాద్ తిరగడం కన్నా, ఈ ఆదివారం మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ నాలుగూ మంచం మీద పరిచి అక్షరం అక్షరం పోల్చి చూడండి. టెన్త్ మెమోలో ఉన్నట్టే మిగతావి మార్పించుకోండి. మెమో మార్చడం చాలా కష్టం, ఆధార్ మార్చడం అంతకన్నా తేలిక.

వచ్చే ఎపిసోడ్‌లో క్లర్క్ ప్రిలిమ్స్ లెక్కల సెక్షన్ గురించి. 35 ప్రశ్నల్లో ముందు ఏవి పట్టుకోవాలి, ఏవి వదిలెయ్యాలి అన్నది టైమర్ పెట్టుకుని మీ ముందే చేస్తా.